జాజ్ జీనియస్: రికార్డు చూపించేదెంత, దాచేదెంత

జాజ్ అభిమానులు ముగ్గురు ఒకచోట చేరితే వాదన మొదలవడానికి ఎక్కువసేపు పట్టదు. "ఆ సోలోలో చార్లీ పార్కర్ సాక్సఫోన్ మీద ఏం చేశాడో విన్నావా? అది మామూలు మనిషి చేసే పనేనా?" అంటారు ఒకరు. "అదే పాట ఇంకో టేక్ ఉంది, విను. దీని తాతలాంటిది" అంటారు రెండోవారు. "మీరిద్దరూ డ్రమ్మర్‌ని వినడం లేదు. అతను లేకపోతే ఆ సోలో మూడో బార్‌లోనే కూలిపోయేది" అని మూడోవారు. గంట గడిచినా ఏమీ తేలదు.

తేలకపోవడానికి కారణం ఉంది. మొదటివారు మాట్లాడుతున్నది ఆ క్షణంలో ఆ వాద్యకారుడి బుర్రలో ఏం జరిగిందన్న దాని గురించి. రెండోవారు మాట్లాడుతున్నది మన చేతికి అందిన వస్తువు గురించి, అంటే రికార్డు గురించి. మూడోవారి గొడవ అంతా ఘనత ఎవరి ఖాతాలో వెయ్యాలన్నది. ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు అల్లి వాయించడం), రికార్డు, జీనియస్ అన్న ఈ మూడూ జాజ్‌లో మొదటినుంచీ ముడిపడే ఉన్నాయి. నా మట్టుకు నాకు, జాజ్‌లో మనం జీనియస్ అని పిలిచేదాంట్లో చాలా భాగం రికార్డు చూపించిన తీరువల్ల ఏర్పడింది అనిపిస్తుంది. అంత మాత్రాన ఆ గొప్పతనం అబద్ధమని కాదు. అది మనం వెతికే చోట కాకుండా, కొంచెం పక్కన ఉంది.

ముందు ఇంప్రొవైజేషన్ సంగతి చూద్దాం. బయటినుంచి వినేవాళ్ళకి అది మనసుకి తోచింది వాయించడంలా ఉంటుంది. 1960 ప్రాంతంలో ఊపందుకున్న ఫ్రీ జాజ్‌ని పక్కన పెడితే, జాజ్ సోలో కింద దాదాపు ఎప్పుడూ ఒక గట్టి చట్రం ఉంటుంది. పాటకి పన్నెండో, ముప్ఫై రెండో బార్‌లు. ఒక్కో బార్‌కి మామూలుగా నాలుగు దెబ్బలు. వాటి వెంట పియానో మీదో గిటార్ మీదో కార్డ్స్, అంటే మూడు నాలుగు స్వరాలు కలిసి ఒకేసారి మోగే గుంపులు, ఒక వరుసలో మారుతూ పోతాయి. ఆ వరుస ఒక చుట్టు పూర్తయితే ఒక కోరస్. మొదటి కోరస్‌లో అసలు బాణీ వాయిస్తారు. తర్వాత బాణీని వదిలేసి, కార్డ్స్ వరుసని మాత్రం అలాగే తిప్పుతూ, దాని మీద కొత్త బాణీ అల్లుకుంటూ పోతారు. అవధాని చేసే పనీ ఇలాంటిదే. పద్యం అప్పటికప్పుడు చెబుతాడు, నిజమే. కానీ ఉత్పలమాల గణాలు అతను కనిపెట్టినవి కావు, యతి ఎక్కడ పడాలో ముందే తెలుసు, వేల పద్యాలు నోటికి వచ్చి ఉన్నాయి. ఇవేమీ లేనివాణ్ణి నిలబెట్టి ఆశువుగా చెప్పమంటే నోరు పెగలదు.

ఒక రికార్డుని దగ్గరగా చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. 1945 నవంబర్ 26న న్యూయార్క్‌లో సవాయ్ కంపెనీ కోసం పార్కర్ 'కో-కో' అనే ముక్క రికార్డు చేశాడు. అప్పటికి అతనికి 25 ఏళ్ళు. వేగం నిమిషానికి 300 దెబ్బల దాపుల్లో ఉంటుంది. దెబ్బకి రెండు స్వరాల చొప్పున చూసినా సెకనుకి పది. అరవై నాలుగు బార్‌ల వరుసని అతను రెండు చుట్లు తిరుగుతాడు, అంటే నిమిషమున్నర పైచిలుకు ఆగకుండా. మొదటిసారి విన్నవాళ్ళకి అది వడగళ్ళ వానలా చెవిన పడుతుంది, ఏ స్వరం ఎక్కడిదో తెలియదు. ఇది తలుచుకుని చేసేది కాదు, దైవదత్తం అనిపించడం సహజమే.

అయితే ఆ కార్డ్స్ పార్కర్‌వి కావు. రే నోబుల్ 1938లో రాసిన 'చెరొకీ' అనే పాటవి. ఆ కార్డ్స్ మీద పార్కర్ అప్పటికి ఎన్నో ఏళ్ళుగా సాధన చేస్తున్నాడు. 'కో-కో'కి ముందే కాన్సస్ సిటీలో అదే పాట వాయిస్తూ చేసిన ప్రైవేట్ రికార్డింగ్ ఒకటి మిగిలి ఉంది కూడా. ఇంకో చిత్రం: 'కో-కో' రెండో కోరస్ మొదలవగానే అతను వాయించేది న్యూ ఆర్లియన్స్ బ్యాండ్‌లు వాయించే 'హై సొసైటీ' అనే పాత కవాతు పాటలోని క్లారినెట్ ముక్క. సెకనుకి పది స్వరాల వేగంలో, ఒక తరం ముందటి జాజ్‌లోంచి అందరికీ తెలిసిన వాక్యాన్ని లాగి, ఈ కార్డ్స్‌లో సరిగ్గా ఇమిడేలా పడేశాడు. ఏమీ లేనిచోట పుట్టించడం వేరు, ఉన్నదాన్ని ఇంత వేగంగా వెతికి తెచ్చి కూర్చడం వేరు. రెండోది తక్కువ పనని ఎవరైనా అంటే వాళ్ళు ఒకసారి ప్రయత్నించి చూడాలి.

ఆ రోజు మొదటి ప్రయత్నం కూడా దొరుకుతుంది. అందులో ముందు అల్లిక అయ్యాక పార్కర్, ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ 'చెరొకీ' అసలు బాణీనే అందుకుంటారు. కాసేపటికే ఎవరో ఆపించేస్తారు. రెండోసారి ఆ బాణీ ఊసే లేకుండా నేరుగా సోలోలోకి వెళ్ళిపోతారు. ఎందుకు ఆపారన్న దానికి ఎక్కువమంది చెప్పే కారణం డబ్బు. అమెరికా కాపీరైట్ వ్యవహారంలో బాణీకి రక్షణ ఉంది, కార్డ్స్ వరుసకి లేదు. బాణీ వాయిస్తే అసలు హక్కుదారుకి రాయల్టీ కట్టాలి, వదిలేస్తే అది కొత్త పాట. బీబాప్, అంటే 1940ల్లో రూపు దిద్దుకున్న ఈ కొత్త తరహా జాజ్, కాలపు పాటల్లో ఎన్నో ఇలా పాత హిట్ పాటల కార్డ్స్ మీద కొత్త బాణీ కట్టినవే. స్వరకర్త గెర్ష్విన్ 'ఐ గాట్ రిథమ్' కార్డ్స్ మీద కట్టినవైతే లెక్కలేనన్ని. కళాకారుడి తిరుగుబాటు అని మనం మురిసిపోయేదాంట్లో కంపెనీ గుమాస్తా లెక్క కూడా కొంత ఉంటుందన్నమాట.

టామస్ ఓవెన్స్ అనే పరిశోధకుడు 1974లో డాక్టరేట్ కోసం పార్కర్ సోలోలు 200కి పైగా కాగితం మీదకి ఎక్కించి విడగొట్టి చూశాడు. దాదాపు వంద చిన్న చిన్న పదబంధాలు మళ్ళీమళ్ళీ వస్తున్నాయని తేల్చాడు. కొన్ని ఒక శ్రుతిలో ఎక్కువ, కొన్ని ఇంకో శ్రుతిలో. ఈ సంగతి తెలిసినప్పుడు కొందరు అభిమానులు నీరసపడిపోతారు, "అయితే ఆయన అప్పటికప్పుడు పుట్టించలేదా?" అని. మనం మాట్లాడేటప్పుడు మాత్రం మాటల్ని అప్పటికప్పుడు పుట్టిస్తున్నామా? పదబంధం పాతదే, ఏది దేని పక్కన పెట్టామన్నదే కొత్త.

దీనికి మంచి సాక్ష్యం 1947 అక్టోబర్ 28న డయల్ కంపెనీకి పార్కర్ వాయించిన 'ఎంబ్రేసబుల్ యూ'. నెమ్మది పాట కాబట్టి కొత్తవాళ్ళకి కూడా చెవికి అందుతుంది. ఒకే రోజు, అదే బృందంతో వాయించిన రెండు టేకులు దొరుకుతాయి. మొదటిది ఆరు స్వరాల చిన్న ముక్కతో మొదలై, ఆ ముక్కనే తిప్పి, పొడిగించి, ఎత్తు మార్చి ముందుకు పోతుంది. రెండో టేక్‌లో ఆ ముక్క జాడే లేదు. దారి మొత్తం వేరు. రెండింట్లోనూ గెర్ష్విన్ రాసిన బాణీ దాదాపు వినిపించనే వినిపించదు. ముందే రాసుకుని వచ్చినవాడు ఇలా చెయ్యడు.

అందరూ పార్కర్ పద్ధతిలోనే వాయించారని కూడా అనుకోనక్కర్లేదు. కార్నెట్ అనే ట్రంపెట్ లాంటి వాయిద్యం మీద లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1926 ఫిబ్రవరిలో 'కార్నెట్ చాప్ సూయ్' రికార్డు చేశాడు. ఎగిరి గంతేస్తున్నట్టుండే ఆ వాయిద్యం విని ఇంతకంటే ఆశువు ఏముంటుందని తరాల తరబడి అనుకున్నారు. తీరా చూస్తే, 1924 జనవరిలోనే ఆయన తన చేత్తో స్వరాలు రాసి కాపీరైట్‌కి పంపిన కాగితం బయటపడింది. రికార్డులో వినిపించేదాంట్లో చాలా భాగం అందులో ఉంది. అప్పటికప్పుడు తోచినట్టు వినిపించడం కూడా కూర్చుని చెక్కగలిగిన విద్యేనని దీనివల్ల తెలుస్తుంది. రాసుకున్నంత మాత్రాన ఆ రికార్డు విలువ ఒక్క పైసా తగ్గిందని నేననుకోను.

ఇంత సామగ్రి ఎక్కడినుంచి వచ్చింది అంటే, చాలావరకు రికార్డుల నుంచే. 1936లో కాన్సస్ సిటీ రీనో క్లబ్‌లో కుర్ర పార్కర్ వాయిస్తూ దారి తప్పితే డ్రమ్మర్ జో జోన్స్ సింబల్ తీసి అతని కాళ్ళ దగ్గర పడేశాడని, అవమానంతో దిగిపోయాడని జాజ్ లోకంలో అందరికీ తెలిసిన కథ. కథ సినిమా పద్ధతిలో ఉన్నా, ఆ తర్వాత జరిగిందే మనకి ముఖ్యం. మరుసటి ఎండాకాలం మిసోరీలోని ఓజార్క్స్ కొండల్లో ఒక బ్యాండ్‌తో ఉద్యోగం దొరికితే, సాక్సఫోన్ వాద్యకారుడు లెస్టర్ యంగ్ వాయించిన రికార్డులు వెంట తీసుకెళ్ళి, ఆ సోలోలు స్వరం తప్పకుండా నేర్చుకుని వచ్చాడు. మూడు నాలుగేళ్ళ పాటు రోజుకి 11 నుంచి 15 గంటలు సాధన చేశానని 1954లో తోటి వాద్యకారుడు పాల్ డెస్మండ్‌తో రేడియో ముఖాముఖిలో ఆయనే చెప్పాడు. దీనికి వాద్యకారుల భాషలో కట్టెల కొట్టంలోకి వెళ్ళడం అని పేరు. ఎవరికీ వినబడని చోట కూర్చుని తోమడమన్నమాట.

లెస్టర్ యంగ్ సోలో అతనికి కాగితం మీద దొరకదు. జాజ్‌లో అసలు సంగతి ఉండేదే కాగితం మీదకి ఎక్కని చోట: స్వరాన్ని దెబ్బకి వెంట్రుకవాసి వెనక వెయ్యడం, ఊదేటప్పుడు గొంతు బొంగురు చెయ్యడం, ఒక స్వరాన్ని సగం మింగెయ్యడం. వీటిని మళ్ళీమళ్ళీ విని పట్టుకోవడానికి గ్రామఫోన్ తప్ప దారిలేదు. అంతకుముందు కాలంలో గొప్ప వాద్యకారుడి పక్కన కూర్చునే భాగ్యం ఉన్నవాడికే ఆ విద్య అందేది. రికార్డు వచ్చాక సూది వెనక్కి పెట్టగలిగిన ఎవరికైనా అందింది.

అయితే ఆ రికార్డు నమ్మదగిన సాక్షేనా అంటే, మొదటినుంచీ కాదు. జాజ్ పేరుతో అమ్మకానికి వచ్చిన తొలి రికార్డు 1917లో విక్టర్ కంపెనీ వేసినది. వాయించింది ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ అనే తెల్లవాళ్ళ బృందం. ఈ సంగీతాన్ని పెంచి పోషించిన నల్లజాతి వాద్యకారుల వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. 1923లో ఇండియానాలోని రిచ్‌మండ్ ఊళ్ళో, కింగ్ ఆలివర్ బృందం మైక్ లేని రోజుల్లో పెద్ద కొమ్ము ముందు నిలబడి వాయించింది. పెద్ద డ్రమ్ గట్టిగా కొడితే సూది ఎగిరిపోతుందని బేబీ డాడ్స్ చెక్క ముక్కల మీదా చిన్నచిన్న వాటి మీదా కొట్టాడు. ఆ రికార్డులు విని, తొలినాళ్ళ జాజ్‌లో డ్రమ్స్ ఇలా టకటకలాడేవి కాబోలు అనుకుంటే మోసపోయినట్టే.

తర్వాత మూడు నిమిషాల గొడవ. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డు ఒక పక్క పట్టేది అంతే. క్లబ్‌లో పావుగంట సాగే పాట స్టూడియోలో మూడు నిమిషాల్లో ముగియాలి. బ్యాండ్‌లో ఆరుగురుంటే ఎవరికి ఎన్ని బార్‌లో ముందే పంచుకోవాలి. ఈ ఇరుకు కొన్నిసార్లు మంచే చేసింది. 1939 అక్టోబర్ 11న కోల్‌మన్ హాకిన్స్ 'బాడీ అండ్ సోల్'ని దాదాపు మొత్తం తన సాక్సఫోన్‌కే తీసేసుకుని, మొదటి కొద్ది బార్‌ల తర్వాత బాణీ వైపు తిరిగి చూడకుండా రెండు కోరస్‌లు వాయించాడు. అది హిట్ అయింది. దాంతో ఒక విచిత్రం జరిగింది. ఆ రాత్రి గాల్లో కలిసిపోవాల్సిన సోలో, స్వరం స్వరం కంఠస్థం చేసే రచనగా మారిపోయింది. పెట్టె తెరిచి ఎప్పుడు విన్నా అదే, ఎన్నిసార్లు విన్నా అంతే బిగువు. ఏదైనా ఒకటి ఇన్నిసార్లు ఒకేలా వినిపించాక, అది ఇంకోలా ఉండే అవకాశం ఉండేదని మనకి తట్టదు. సోలో వాయించినవాడికి మాత్రం అది ఆ పూట వాయించిన ఒక దారి, అంతే.

రికార్డు లేనిచోట చరిత్ర ఎలా మెలిక తిరుగుతుందో చూడాలంటే 1942 ఆగస్టు నుంచి జరిగిన సమ్మె ఉంది. రికార్డులూ రేడియో కలిసి బతుకుతెరువు పోగొడుతున్నాయని అమెరికా వాద్యకారుల సంఘం కంపెనీలకి వాయించడం మానేసింది. పెద్ద కంపెనీలతో రాజీ పూర్తిగా కుదిరేసరికి 1944 నవంబర్ అయింది. సరిగ్గా ఆ కాలంలోనే బీబాప్ రూపు దిద్దుకుంటోంది. పార్కర్, గిలెస్పీ ఇద్దరూ ఉన్న 1943 నాటి ఎర్ల్ హైన్స్ బ్యాండ్ మార్కెట్‌కి ఒక్క రికార్డు కూడా ఇవ్వలేదు. దీనివల్ల రికార్డులే దిక్కయిన శ్రోతకి, 1945లో ఇద్దరు మనుషులు శూన్యంలోంచి కొత్త సంగీతాన్ని పట్టుకొచ్చినట్టు కనబడింది. న్యూయార్క్ హార్లెమ్‌లోని మింటన్స్ క్లబ్ లాంటి చోట్ల రాత్రుళ్ళు పదుల మంది కలిసి తడుముకుంటూ, తప్పులు చేస్తూ, ఒకరి దగ్గర ఒకరు కొట్టేస్తూ నడిచిన ఏళ్ళు వాళ్ళ చెవిదాకా రాలేదు. మధ్య మెట్లు కనబడకపోతే పైనున్నవాడు ఎగిరి వెళ్ళాడనే అనుకుంటాం.

టేప్, లాంగ్ ప్లే రికార్డు వచ్చాక మూడు నిమిషాల ఇరుకు పోయింది కానీ, ఇంకో రకం తిరకాసు మొదలైంది. 1956 జూలై 7న న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండ్‌లో పాల్ గొన్సాల్వెస్ టెనర్ సాక్సఫోన్ మీద 27 కోరస్‌లు ఏకబిగిన వాయించాడు. జనం లేచి చిందులు తొక్కారు. ఆ కచేరీ పేరుతో వచ్చిన రికార్డు ఎలింగ్టన్ దశనే తిప్పింది. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, గొన్సాల్వెస్ వేరే మైక్ ముందు నిలబడ్డాడు. అది కొలంబియా కంపెనీది కాదు, వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోది. అందుకే కంపెనీ టేపులో అతను దూరంనుంచి వినబడతాడు. రికార్డులోని మిగతా ముక్కల్లో చాలా వాటిని తర్వాత స్టూడియోలో మళ్ళీ వాయించి, చప్పట్లు కలిపారు. నలభై ఏళ్ళ పాటు అభిమానులు "ఆ రాత్రి" అని తలుచుకుని పరవశించిన దాంట్లో సగం ఆ రాత్రిది కాదు. 1990ల్లో రేడియోవాళ్ళ టేప్ దొరికితే రెండింటినీ జతచేసి 1999లో అసలు కచేరీని విడుదల చేశారు. గొన్సాల్వెస్ అప్పుడు దగ్గరికి వచ్చాడు.

ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' కథ ఇంకొంచెం సరదాగా ఉంటుంది. 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న న్యూయార్క్‌లో ఒకప్పటి చర్చిలో పెట్టిన స్టూడియోలో రికార్డయిన ఆల్బమ్ అది. మార్చి నాటి టేప్ మెషీన్ కాస్త నెమ్మదిగా తిరగడంతో, మొదటి పక్కనున్న మూడు పాటలూ రికార్డులో అసలు కంటే కొంచెం వేగంగా, కొంచెం పై శ్రుతిలో వచ్చాయి. 1992 దాకా ఎవరూ సరిచెయ్యలేదు. రికార్డు పెట్టుకుని దానితో పాటు సాధన చేసిన కుర్రాళ్ళు ఎంతమంది తమ వాయిద్యానిదే లోపమనుకుని శ్రుతి మార్చుకున్నారో! పదేళ్ళ తర్వాత వచ్చిన 'ఇన్ ఎ సైలెంట్ వే'లో అయితే నిర్మాత టియో మసేరో టేపు ముక్కలు కోసి అతికించాడు. మొదట వచ్చిన భాగమే చివర మళ్ళీ వస్తుంది. అది మళ్ళీ వాయించింది కాదు, అదే టేపు నకలు. వాయించినప్పుడు ఇంప్రొవైజేషనే, మన చేతికొచ్చేసరికి కూర్పు. దీంట్లో జీనియస్ ఎవరని అడిగితే ట్రంపెట్ పట్టుకున్నవాడా, బ్లేడు పట్టుకున్నవాడా?

ఇప్పుడు ఆ మాట దగ్గరికే వద్దాం. జీనియస్ అన్న బిరుదు జాజ్‌లో అభిమానం నుంచి ఎంత వచ్చిందో అమ్మకం నుంచి అంత వచ్చింది. 1947 నుంచి థెలోనియస్ మంక్ రికార్డులు వేసిన బ్లూ నోట్ కంపెనీ, అవి లాంగ్ ప్లేలుగా వచ్చేసరికి వాటి మీద నవీన సంగీతపు జీనియస్ అని అచ్చేసింది. అప్పట్లో అతనికి పియానో సరిగ్గా రాదనే విమర్శకులు బోలెడు మంది, రికార్డులు కొనేవాళ్ళు తక్కువ. వేళ్ళు బల్లపరుపుగా పెట్టి, పక్కపక్క స్వరాల్ని ఢీకొట్టించి, మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయే మనిషిని అమ్మాలంటే ఏదో ఒక పేరు కావాలి. ఆ పేరు ఈ విషయంలో నిజం కూడా అయింది.

ఈ బిరుదుకి ఎదురుగా ఇంకో మాట ఉండేది: సహజ ప్రతిభ. వినడానికి పొగడ్తే. నల్లజాతి వాద్యకారుల గురించి తెల్ల విమర్శకులు రాసినప్పుడు మాత్రం, చదువూ ఆలోచనా అక్కర్లేకుండా రక్తంలోంచి పొంగుకొచ్చిందనే అర్థంలో వాడేవారు. ఆర్మ్‌స్ట్రాంగ్ మిసిసిపీ నది మీద తిరిగే స్టీమర్లలో ఫేట్ మారబుల్ బ్యాండ్‌లో చేరి స్వరలిపి చదవడం గట్టిపరుచుకున్నాడు. మైల్స్ డేవిస్ 1944లో జూలియర్డ్ అనే సంగీత విద్యాలయంలో చేరాడు. పార్కర్‌కి పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త స్ట్రవిన్స్కీ అంటే ప్రాణం. రోజుకి పదిహేను గంటల సాధనని ఎవరూ చూడలేదు, సాయంత్రం మెరుపుని మాత్రం చూశారు. ఆ రెండు మాటలూ, బిరుదూ పొగడ్తా, ఒకే పని చేశాయి: కష్టాన్ని కనబడకుండా చేశాయి.

దీనికి పీడకలలాంటి రూపం కూడా ఉంది. 1946 జూలై 29న లాస్ ఏంజెలెస్‌లో డయల్ కంపెనీ స్టూడియోకి పార్కర్ నిలబడలేని స్థితిలో వచ్చాడు. 'లవర్ మ్యాన్'లో అతను అందుకోవాల్సిన చోట అందుకోడు, ఆలస్యంగా వస్తాడు, వాక్యాలు తెగిపోతాయి. ఆ రాత్రే అరెస్టయి, తర్వాత కమారిల్లో మానసిక వైద్యశాలలో ఆరు నెలలు గడిపాడు. ఆ రికార్డుని కంపెనీ విడుదల చేసినందుకు పార్కర్ చాలా బాధపడ్డాడు. అభిమానుల్లో కొందరు ఇప్పటికీ అతని అన్ని రికార్డుల్లోకీ అదే గుండెని పిండేది అంటారు. వాళ్ళు విన్నది నిజమే కావచ్చు, కానీ జబ్బుపడ్డ మనిషి తడబాటుని కళగా లెక్కేసే ఆ అలవాటు నాకు మింగుడుపడదు. హెరాయిన్ తీసుకుంటే పార్కర్‌లా వాయించొచ్చనుకుని పాడైపోయిన కుర్రాళ్ళు ఒక తరానికి తరం ఉన్నారు. అది వద్దని వాళ్ళకి చెప్పినవాళ్ళలో పార్కర్ కూడా ఉన్నాడు. 1955లో అతను పోయేనాటికి వయసు 34.

మెదడు శాస్త్రం దీన్ని తేల్చేస్తుందేమోనని ఆశపడేవాళ్ళున్నారు. 2008లో చార్ల్స్ లింబ్, అలెన్ బ్రాన్ ఆరుగురు జాజ్ పియానిస్టుల్ని స్కానర్‌లో పడుకోబెట్టి, చిన్న కీబోర్డు ఇచ్చి వాయించమన్నారు. నేర్చుకున్నది వాయించినప్పటితో పోలిస్తే, ఇంప్రొవైజ్ చేసినప్పుడు తనని తాను అదుపులో పెట్టుకునే పనికి సంబంధించిన భాగాల్లో చలనం తగ్గిందనీ, తన గురించి చెప్పుకోవడంతో ముడిపడినదంటున్న మధ్య భాగంలో పెరిగిందనీ తేలింది. ఆసక్తికరమే. కాకపోతే వాళ్ళు ఆరుగురూ స్కానర్‌లోకి వెళ్ళకముందే ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళు. అదుపు వదిలెయ్యగలగడానికి ముందు వదిలెయ్యడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఘనత ఎవరిదన్న ప్రశ్న సాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కాల్‌ట్రేన్ 'జయంట్ స్టెప్స్' దగ్గర బాగా ఇబ్బంది పెడుతుంది. మూడు శ్రుతుల మధ్య గంతులేస్తూ, ఊపిరాడనంత వేగంగా కార్డ్స్ మారిపోయే పదహారు బార్‌ల ముక్క. కాల్‌ట్రేన్ దాంతో చాలాకాలం కుస్తీ పట్టాడు. 1959లో ముందు సెడార్ వాల్టన్ పియానోతో తీసిన టేకుల్ని పక్కన పెట్టి, మే నెలలో టామీ ఫ్లానగన్‌తో మళ్ళీ తీశాడు. కాల్‌ట్రేన్ సోలో నీళ్ళ మీద నడిచినట్టు సాగిపోతుంది. తర్వాత ఫ్లానగన్ వంతు. కొన్ని బార్‌లు స్వరాల వరుసతో నెట్టుకొస్తాడు, ఆ తర్వాత వరుస తెగి, వట్టి కార్డ్స్ మాత్రం పట్టుకుని ఒడ్డుకి చేరతాడు. ఒకే ముక్కలో ఒకడు దేవుడు, ఒకడు మామూలు మనిషి. ఫ్లానగన్ అల్లాటప్పా వాద్యకారుడు కాదు, ఆ తరం పియానిస్టుల్లో పేరున్నవాడు. తేడా వచ్చింది ఒకరికి ఆ కార్డ్స్‌తో నెలల పరిచయం, రెండోవారికి అంత లేకపోవడం వల్ల. 1982లో ఫ్లానగన్ కాల్‌ట్రేన్ పాటలతో ఒక ఆల్బమ్ చేసి, 'జయంట్ స్టెప్స్' ఎక్కడా తొణక్కుండా వాయించాడు. మొదటి రికార్డు విని అతని మీద తీర్పు చెప్పినవాళ్ళలో ఇది వెతుక్కుని విన్నవాళ్ళు తక్కువ.

ఎలింగ్టన్ పేరు చెప్పినప్పుడల్లా స్వరకర్త బిల్లీ స్ట్రేహార్న్‌ని తలుచుకోకపోతే అన్యాయం. 1939 నుంచి 1967లో చనిపోయేదాకా ఎలింగ్టన్‌తో పనిచేశాడు. ఆ బ్యాండ్ గుర్తుగా అందరూ ఈల వేసే 'టేక్ ది ఏ ట్రెయిన్' అతనిదే. చాలామంది అది ఎలింగ్టన్‌దనుకుంటారు. ఎలింగ్టన్ సైతం తన వాద్యకారుల కోసం రాసిన కాగితాల మీద వాయిద్యం పేరుకి బదులు మనిషి పేరు రాసేవాడు. రెండో ట్రంపెట్ అని కాకుండా ఫలానావాడని. ఆ మనిషి ఊదే తీరు మనసులో పెట్టుకుని కట్టిన స్వరమది. ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్ అనే బృందంతో చేసిన రికార్డుల్లో పియానో వాయించిన అతని భార్య లిల్ హార్డిన్ కొన్ని పాటలు కట్టింది కూడా. కింగ్ ఆలివర్ బృందంలో ఉండిపోకుండా అతని నీడలోంచి బయటికి రమ్మని భర్తని పట్టుబట్టి పంపింది ఆమే. రికార్డు మీద పెద్దక్షరాల్లో ఒక్క పేరుకే చోటు.

ఈ ఒక్క పేరు పిచ్చి ఎంతదూరం పోగలదో డీన్ బెనెడెట్టి కథలో ఉంది. అతనూ సాక్సఫోన్ వాద్యకారుడే, పార్కర్ అంటే పడిచచ్చేవాడు. 1947లో లాస్ ఏంజెలెస్‌లో, మరుసటి ఏడాది న్యూయార్క్‌లో రికార్డింగ్ యంత్రం మోసుకుని పార్కర్ వాయించే క్లబ్‌లకి వెళ్ళేవాడు. ముందు డిస్కుల మీద, తర్వాత కాగితపు టేపు మీద ఎక్కించాడు. టేపు ఖరీదైనది కాబట్టి పార్కర్ ఊదడం మొదలుపెట్టగానే యంత్రం వేసేవాడు, ఆపగానే ఆపేసేవాడు. పక్కన మైల్స్ డేవిస్ అందుకున్నా, మాక్స్ రోచ్ డ్రమ్స్ మీద విరుచుకుపడ్డా అతనికి పట్టలేదు. ఆ టేపులు దశాబ్దాల పాటు పుకారుగానే ఉండి, 1990లో మొసైక్ కంపెనీ ఏడు సీడీలుగా వేసింది. పార్కర్‌ని స్టూడియో మూడు నిమిషాల బయట, రాత్రి రాత్రికీ మారిపోతూ వినడానికి అంతకంటే మంచి ఆధారం లేదు. ఒకే పాట వారంలో ఎన్ని దారులు పట్టిందో వరసపెట్టి వినొచ్చు. బెనెడెట్టికి నిజంగా రుణపడి ఉన్నాం. కాకపోతే ఒక సోలో ఎక్కడో మధ్యలో మొదలై, పార్కర్ చివరి స్వరం పూర్తవగానే టప్పున తెగిపోతుంది. ఆ స్వరానికి మైల్స్ ఏం జవాబిచ్చాడో, పార్కర్ ఆ మాట అనడానికి ముందు పియానో అతన్ని ఏం అడిగిందో అందులో లేదు. ఇప్పుడు ఆ రికార్డింగులు వినేవాళ్ళలో చాలామంది వెతికేది బెనెడెట్టి ఆపేసిన ఆ భాగాలనే.